దారి ఋణము

మనుష్యుడు మూడు ఋణములతో జన్మించునని మన పెద్దలు చెప్పిరి. దేవఋణము యజ్ఞముచేతను, ఋషిఋణము అధ్యయనముచేతను, పితృఋణము సంతానముచేతను తీరునట. ఈ మూటికి నాలుగవదానిని జేర్చునంతటి సాహసము మాకు లేదు. అయినను గడచిన చైత్రమున నైదుగురము మిత్రులము కలసి విశాఖ మన్యమునకు బోయి వచ్చినది మొదలు, పెద్దలు లెక్కలో వ్రాయక విడిచిన బాకీ యొకటి కలదను తలంపు మమ్ము వదలకున్నది. దానికి దారి ఋణమని పేరు పెట్టుకొంటిమి. ఎవరో కొట్టిన దారిన, ఎవరో కాపాడిన నీడలోనికి, మనము సుఖమునకై పోవుచున్నాము. బండికి పన్ను కట్టితిమి, పెట్రోలు కొంటిమి, బసకు అద్దె యిచ్చితిమి. ఇక బాకీ యేమున్నదని చదువరు లడుగవచ్చును. ఆ లెక్క చూచుటకే యీ వ్యాసము.

మాతో వచ్చినవారిని ముందుగా తెలుపవలెను. ఒకరు న్యాయవాది, కారు వారిది, తోలువారును వారే. ఒకరు వైద్యుడు. వైద్యుని భార్య మా కళాశాలలో మాతో చదివినది. ఇప్పుడు వృక్షశాస్త్రమును బోధించుచున్నది. మేమును మా గృహిణియు గలసి ఐదుగురము. పాతికేండ్ల స్నేహమగుటచే మాలో మర్యాదలు తక్కువ, వాదములు ఎక్కువ. నాలుగు సెలవులు కలసి వచ్చుటయు, గోదావరి యొడ్డున గాలి పొయ్యిమీది ఆవిరివలె నుండుటయు మా ప్రయాణమునకు కారణములు. తుని దాటి, నర్సీపట్టణముమీదుగా లంబసింగి కనుమ నెక్కి, చింతపల్లిలో నొక రాత్రి నిలిచి, పాడేరు, అరకు చూచుకొని, అనంతగిరి దారిని దిగి రావలెనని నిశ్చయించుకొంటిమి.

నర్సీపట్టణము దాటిన కొంతసేపటికే కనుమదారి మొదలయ్యెను. మలుపు మలుపునకును గాలి మారుచుండెను. క్రింద నెండి పసుపువన్నె దిరిగిన గడ్డి. పైకి బోవుకొలది పనసచెట్లు, మోదుగలు, జీలుగుచెట్లు. లంబసింగి సముద్రమట్టమునకు సుమారు మూడువేల అడుగుల యెత్తున నున్నది. శీతకాలమున అక్కడ మంచు గడ్డకట్టునంత చలి పడునను ప్రసిద్ధిచే వేలకొలది జనులు తెల్లవారకముందే మబ్బులు చూడ బోవుదురు. వేసవిలో నంత సందడి లేదు. మేము పోవునప్పటికి రెండు దినముల క్రిందట వాన కురిసియుండుటచే కాఫీతోటలన్నియు దెల్లగా పూచియుండెను. మల్లెతోటలో దిగితిమా యనునట్టి వాసన. మా వృక్షశాస్త్రోపాధ్యాయిని కారు నాపించి, కాఫీమొక్క వేసవివానకై మొగ్గలతో కాచుకొనియుండి, తడి తగిలిన కొన్నిదినములకే యొక్కసారిగా పూచునని చెప్పెను. ఆ మొక్కలకు నీడనిచ్చు నిడుపాటి చెట్లు సిల్వరుఓకులు. అవి ఆస్ట్రేలియా దేశమునుండి వచ్చినవి. వానిని బట్టుకొని మిరియపుతీగలు ప్రాకుచుండెను. కాఫీయు పరదేశపుదే. "ఇచ్చట మనకు అడవియని తోచునదెల్ల అడవి కాదు సుమా! ఇది యొకరు నాటినది, ఒకరు కలుపు తీసినది. వారి చేతిపనినే మనము ప్రకృతి యనుచున్నాము," అని యామె యనెను. ఈ సీమలో పండు కాఫీకి 2019లో భౌగోళిక సూచిక లభించిన సంగతి చదువరు లెఱుగుదురు.

చేతిపని యను మాట విన్నంతనే మాకు దారి జ్ఞప్తికి వచ్చెను. మేమెక్కుచున్న దారి ఊరక పుట్టినది కాదు. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీశాసనము తరువాత మన్యపువారి పోడుసేద్యమునకును, కట్టెపుల్లలకును, పశువుల మేతకును గూడ నడ్డంకులు గలిగెను. అటుపిమ్మట గూడెము డిప్యూటీ తహశీల్దారుగా నుండిన బాస్టియను అనునతడు నర్సీపట్టణమునుండి లంబసింగిమీదుగా చింతపల్లికి బాట వేయించుటకు కొండవారిని బలవంతముగా బనిలోనికి దింపి, చాలీచాలని కూలి యిచ్చెను. కడుపు మండిన యా జనమునకు అల్లూరి సీతారామరాజు నాయకుడయ్యెను. 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి ఠాణాయు, మఱునాడు కృష్ణదేవిపేట ఠాణాయు, ఆ మఱునాడు రాజవొమ్మంగి ఠాణాయు ముట్టడింపబడెను. 1924 మే 7వ తేదీన సీతారామరాజును పట్టి కాల్చి చంపిరి. ఆయన ముఖ్యానుచరులలో నొకడైన గాము మల్లుదొర శిక్ష ననుభవించి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు సభ్యుడుగా నెన్నుకొనబడెను. బడిపిల్లలకు ఈ తేదీలను మేము ఏటేట చెప్పుచుందుము. చల్లని గాలికై యదే కనుమ నెక్కుచు వానిని జెప్పుకొనుట వేఱు. ప్రతి మలుపునను చక్రముల క్రింద నెవరో యున్నట్లు తోచెను. మా న్యాయవాది మాత్రము, "ఓయి మాస్టారూ! దారి చూడనిమ్ము, పాఠము పిదప," అనెను.

చింతపల్లి యింకను దూరముండగానే దారికి అడ్డముగా తాడు కనబడెను. ఇటుకుల పండుగ దినములవి. చైత్రమున కొండవారు విత్తనములను బూజించి, మగవారు వేటకు బోవుదురు. ఆడువారు దారులు గాచి, వచ్చిపోవు బండ్లను నిలిపి, పాటలు పాడి, పండుగకట్నము పుచ్చుకొందురు. పదిమంది స్త్రీలు తాడు పట్టుకొని నవ్వుచు నిలిచిరి. వారిలో ముసలమ్మయు గలదు, పైట నిలువని బాలికయు గలదు. మా న్యాయవాదికి కోపము వచ్చెను.

"రహదారిమీద సుంకము అద్దమున కంటించిన ఫాస్టాగునుండి తానే పోవుచున్నది. ఇచ్చట తాడు కట్టుటకు వీరి కధికార మెవ్వరిచ్చిరి?" అనెను.

మా గృహిణి సాధారణముగా మా వాదములలో బాలుగొనదు. ఆనాడు మాత్రము, "అన్నయ్యగారూ! అక్కడ మీరు సుంకము పుచ్చుకొన్నవాని ముఖమైనను జూడలేదు. ఇక్కడ నవ్వుచు నడుగుచున్నారు. ఈ దారి వీరి తాతలు కొట్టినదని మా ఆయన గంటనుండి మన చెవులు చిల్లులు పొడుచుచున్నారు గదా. సుంకమున కింతకంటె నధికారమేమి కావలయును?" అని, సంచి తెఱచి రెండు వందల రూపాయలు ముసలమ్మ చేతిలో బెట్టెను. తాడు నేలకు దిగెను. మా న్యాయవాది మఱి మాటాడలేదు. ఆయన వాదమునకు జవాబు లేకపోవుట మా యెఱుకలో నదియే మొదటిసారి.

ఆ రాత్రి బసలో వైద్యునికి ఒక కోరిక పుట్టెను. రెండెకరముల నేల కొని, చిన్న పెంకుటిల్లు కట్టుకొని, యేటేట వేసవి గడపవలెనట. బసలో బరిచయమైన యొకడు, అది సులభమేయనియు, నేల స్థానికుని పేర నుండుననియు, అనుభవము మాత్రము మీదేయనియు చెవిలో నూదెను. మా న్యాయవాది వెంటనే లేచి కూర్చుండెను. షెడ్యూలు ప్రాంతములలోని భూమి గిరిజనులు కానివారికి జేరకుండ 1959లో నొక శాసనము వచ్చెననియు, 1970లో వచ్చిన ఒకటవ సవరణ దానిని మఱింత బిగించెననియు, అందుచేతనే జనులు దానిని 'ఒకటి బై డెబ్బది' యని పిలుతురనియు వివరించెను. "పేరొకరిది, ఫలమొకరిది యను బేరమును శాస్త్రములో బినామీ యందురు, తెలుగులో దొంగతనమందురు," అని ముగించెను. వైద్యుడు నవ్వి యూరకుండెను గాని, యా పెంకుటిల్లు ఆయన కన్నులనుండి తొలగలేదని తెలిసెను.

మఱునాటి యుదయమున మఱియొక వాదము. ఈ కొండదారియందు జాతీయరహదారి పనులు జరుగుచున్నవి. రాజమహేంద్రవరమునుండి రంపచోడవరము, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకులమీదుగా విజయనగరమునకు బోవు నా మార్గమునకు 516-ఇ యని సంఖ్య. వెడల్పుకొఱకు కొండచఱియలు త్రవ్వియుండుట చూచి మా వృక్షశాస్త్రోపాధ్యాయిని మిక్కిలి నొచ్చుకొనెను. ఆమె మాట నిజము. బాట వెడల్పైనకొలది చెట్టు పోవును, ఊట యెండును, సీసాలు వచ్చును. చూపు బాగుండుచోటనెల్ల గాజుపెంకులును, ప్లాస్టికు సంచులును ముందురోజే చూచియుంటిమి. మాకును ఆంగ్లకవి వర్డ్సువర్తు జ్ఞప్తికి వచ్చెను. ఆయన 1844లో తన సరస్సుల సీమకు రైలుమార్గము రాగూడదని పత్రికకు లేఖలు వ్రాసెను. గుంపులు గుంపులుగా జనులు వచ్చిపడినచో నా సీమయందలి నెమ్మది చెడునని యాయన భయము. మేమును అదే ధోరణిలో, ఈ కొండ లిట్లే దారి లేక యుండిన బాగుండునని చెప్పి, ఆమెకు బాసటగా నిలిచితిమి. కారులోపలి చల్లనిగాలిలో గూర్చుండి యా మాటలు చక్కగా వచ్చుచుండెను.

పాడేరు దిశగా బోవుచుండ, యొక చింతచెట్టు క్రింద నలుగురు మగవారు చెమటలు గారుచు నిలిచి కనబడిరి. వారి నడుమ నేలమీద డోలీ యుండెను. వెదురుకఱ్ఱకు దుప్పటి కట్టి, అందులో నొక నిండుగర్భిణిని మోసికొని వచ్చిరి. తెల్లవారకమునుపు కొండమీది పల్లె విడిచి, రెండు గెడ్డలు దాటి, ఇచ్చటికి జేరునప్పటికి తొమ్మిది గంటలు దాటినది. ఫోను పలుకుచోటు నెక్కి యంబులెన్సునకు కబురు చేసిరట. అది మఱియొక రోగితో దూరమున నున్నదట. వైద్యుడు దిగి చూచెను. చూచినవాడు తిరిగి వచ్చి మాతో నేమియు ననక, కారు వెనుక తలుపు తెఱచెను. ఆమెను, ఆమె యత్తను, తోడుగా మా వృక్షశాస్త్రోపాధ్యాయినిని వెనుక గూర్చుండబెట్టి, ముందర వైద్యుడును న్యాయవాదియు గూర్చుండి, ఆస్పత్రికి వెడలిపోయిరి. భర్తకు చోటు చాలలేదు. అతడును, తక్కిన మువ్వురు మోతగాండ్రును, మే మిద్దఱమును, చెట్టుక్రింద మిగిలితిమి.

ఆ చెట్టుక్రింద గడచిన ఆఱు గంటలును మా యాత్రలో మిక్కిలి దీర్ఘమైనవి. దగ్గఱ గుడిసెలలోని స్త్రీలు చింతకాయలు కొట్టి గింజ దీయుచుండిరి. కొంతసేపటికి మా గృహిణియు వారితో గూర్చుండి కొట్టసాగెను. మాకు రాగియంబలి యిచ్చిరి. పదేండ్ల బాలిక యొకతె మాకును, తమ పెద్దలకును నడుమ దుబాసి యయ్యెను. ఇంట నొక భాష, సంతలో నొక భాష, బడిలో తెలుగు, పుస్తకములో నాంగ్లము: నాలుగు భాషలను ఆ పిల్ల యెట్టి గర్వమును లేక మోయుచుండెను. రెండు భాషలు నేర్చినందులకే మేము పండితులమని పించుకొంటిమి. ఎండుటాకుల నడుమ పొగచూరిన యొక నేల చూపి, అచ్చట నేల కాల్చినారని యడిగితిమి. తెల్లవారుజామున రాలు ఇప్పపూలు కనబడుటకై చెట్టుక్రింద శుభ్రముచేసిరని యామె చెప్పెను.

భర్తను, "మీ పల్లెకు బాట వేయుదురా?" అని యడిగితిమి. కొలుచుకొని పోయిరట, రెండుసార్లు. "మీకు బాట గావలెనా? బాట వచ్చిన చెట్లు పోవును, బయటివారు వత్తురు," అని ఉదయమునుండి మా మనసులో నున్న మాటయే యడిగితిమి. అతడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట తన భుజము చూపించెను. వెదురు ఒరసి తోలు లేచి, నెత్తురు గడ్డకట్టియుండెను. బాలిక దానిని మాకు తెనిగింపలేదు. తెనిగింప నక్కరయు లేకపోయెను. కొంతసేపటికి అతడు మాత్రము, పెద్ద దారి తమకు వలదనియు, అంబులెన్సు పట్టునంత చాలుననియు, చెట్లలో నేవి కొట్టవలెనో తమ్ము నడిగిన చెప్పుదుమనియు అనెను.

సాయంకాలము కారు తిరిగి వచ్చెను. ఆడుబిడ్డ, తల్లి బిడ్డలు క్షేమము. వార్త విని భర్త పరుగున కారెక్కెను. మేము వైద్యుని నభినందింపబోతిమి. ఆయన విసుగుతో, "నేను చేసిన దేమియు లేదు. ఇది కష్టమైన కాన్పు కాదు. ఆమెకు వైద్యుడు కొఱవడలేదు, ఐదు మైళ్ల బాట కొఱవడినది," అనెను. పెంకుటింటి మాట యాయన నోట మఱల వినలేదు.

అరకు దారిలో రైలుపట్టాలు తోడుగా వచ్చెను. కొత్తవలస కిరండూలు మార్గమది. బైలదిల్లా యినుపరాతిని విశాఖ రేవునకు జేర్చి జపానున కెగుమతి చేయుటకై 1960 తరువాత నేయబడినది. విహారమునకు గాదు. కనుమదారి పరిపాలనకై పుట్టెను, రైలుదారి గనికై పుట్టెను. రెంటిమీదను నేడు మనము వినోదమునకై పోవుచున్నాము. మూడు పనులకును దారి దొరకెను. భుజముమీది వెదురు దించుటకు గావలసిన దారి మాత్రము ఇంకను కొలతలలోనే యున్నది. వర్డ్సువర్తునకు వ్రాయుటకు పత్రికయైన నుండెను. ఇచ్చట దారి వలదను మాటయు, దారి కావలెనను మాటయు, రెండును కారులోనివారే పలుకుచున్నారు. కొండ యందము చెడకూడదను మా కోరిక తప్పు కాదు. కాని యా యందమునకు వెల కట్టవలసి వచ్చినప్పుడు, ఆ వెల యొక గర్భిణి కడుపునొప్పితో చెల్లింపబడుట ధర్మము కాదు. ఏ చెట్టు కొట్టవలెనో, ఏ గెడ్డ దాటవలెనో నిర్ణయింపవలసినవారు డోలీ మోయువారు.

ఇట్టి ఋణము సంస్కృతకవుల కెఱుకలేనిది కాదు. మేఘసందేశమున కాళిదాసు తన మేఘమును ఆమ్రకూటపర్వతముమీద విశ్రమింపుమనును. అయితే యూరక కాదు. ఆ మేఘము ముందుగా కొండయందలి కార్చిచ్చు నార్పును. అందుచేతనే కొండ దానిని తలపై నిలుపుకొనును. అలసిన బాటసారికి నెలవు దొరకుటకు ముందు, బాటసారి యిచ్చినది కొంత యుండవలెను. మేఘమునకు నీరు గలదు. మనకేమి గలదని చూచుకొన్నచో చాలగలవు: వైద్యునికి చేతులు, న్యాయవాదికి శాసనము, ఉపాధ్యాయునికి కలము, అందఱకును బండిలో చోటు.

చదువరులారా! మీరును ఈ వేసవిని కొండలకు బోవుచుందురు. పోవద్దని మేము చెప్పము, పోక తెలియదు. పోయినప్పుడు మీరు కొనిపోయిన సీసాలును సంచులును మీ యింటికే కొనిరండు. సంతలో చింతపండునకును పసుపునకును మీ యూరి వెలయైన నిండు. అడవిసరకు కొనుట అమ్ముటలకై 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె, కుంకుళ్లు మన పట్టణముల దుకాణములలోను దొరకును. యాత్ర ముగిసిన తరువాతను కొనుచుండవచ్చును. తాడు కట్టినవారి పాట విని కట్నము చెల్లింపుడు. అడుగక ఛాయాపటములు దీయకుడు. ఒకరి పేర నేల కొనుమని చెవిలో నూదువానిని దూరముంచుడు.

మేము చేసినది కొంచెమే. ఆ పల్లెవారు చెప్పిన మాటలను, చూపిన గుర్తులను బట్టి మా న్యాయవాది యొక యర్జీ వ్రాసెను. ఏ చెట్లు నిలువవలెనో మా వృక్షశాస్త్రోపాధ్యాయిని ఫోనులో వారి నడిగి జాబితా చేర్చెను. వైద్యుడు తాను చూచినది వ్రాసి సంతకము పెట్టెను. తెలుగు మేము దిద్దితిమి. పల్లెవారు సంతకములును వేలిముద్రలును బెట్టి పంపిరి. అందినదని జాబు వచ్చినది; బాట ఇంకను రాలేదు. నెలకొకసారి జ్ఞాపకలేఖ పంపుచున్నాము.

వచ్చు చైత్రమునను పోదలచితిమి. ఐదుగురమును ఆ కారులో నెప్పటివలె సర్దుకొనవచ్చునని మేమంటిమి. మా గృహిణి యొప్పుకొనలేదు. ఈ తడవ పెద్దబండి తీసికొనవలెననియు, వెనుక వరుస యెక్కుటనుండి దిగుటవఱకు ఖాళీగా నుంచవలెననియు నిర్ణయించినది. దాని యద్దెలో ఆమె వంతు ఇప్పటికే వేఱుగా దీసి పెట్టినది.